రాజ్యాంగ సభలో మన గొంతు: మరంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా



ఈ ప్రత్యేక సంచికలో కొమురం భీమ్ గురించి, బిర్సా ముండా గురించి, రంప పోరాట వీరుల గురించి చాలామంది రాస్తారు. మేము మాత్రం విల్లు పట్టని ఒక వీరుడి గురించి రాయాలనుకున్నాం. ఆయన పట్టింది మొదట హాకీ కర్ర. తర్వాత మైకు. ఈ దేశ రాజ్యాంగం రాస్తున్న హాలులో నిలబడి, అడవిలో ఉన్న మనందరి తరఫున మాట్లాడారు. ఆయనే జైపాల్ సింగ్ ముండా. జనం ప్రేమగా పిలుచుకున్న పేరు మరంగ్ గోమ్కే, అంటే మహానాయకుడు. జనవరి 3న ఆయన జయంతి.

ఆయన మాకు ఎలా పరిచయమయ్యారో ముందుగా చెప్పాలి. మేము ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు వైపుల నుంచి వచ్చి అశోక్ నగర్‌లో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్న వాళ్లం. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పగలంతా కూర్చుంటాం. ఆదివారం సాయంత్రాలు మాత్రం పుస్తకాలు మూసి, టీ తాగి, ఏదో ఒక గదిలో చాప వేసుకుని రాజ్యాంగం గురించి మాట్లాడుకుంటాం. దానికి పేరూ లేదు, అధ్యక్షుడూ లేడు. ఒక వారం నారాయణగూడ వైపు ఉన్నవాళ్ల గదిలో అయితే, మరో వారం చిక్కడపల్లి సందులో. మాలో న్యాయశాస్త్రం చదివే అక్కలు ఇద్దరు ఉన్నారు. మన రాజ్యాంగంలోని ఒక్కో విషయం తీసుకుని, ఇదే విషయం అమెరికాలో ఎలా ఉంది, కెనడాలో ఎలా ఉంది, ఆస్ట్రేలియాలో ఎలా ఉంది అని పక్కపక్కన పెట్టి చూడటం వాళ్లే నేర్పారు. పుస్తకాల్లో దీన్ని తులనాత్మక రాజ్యాంగ శాస్త్రం అంటారు. మా భాషలో చెప్పాలంటే, మన ఇంటి కప్పు కారుతోందో లేదో తెలియాలంటే పక్కింటి కప్పు కూడా చూడాలి, అంతే.

ఐదో షెడ్యూలు దగ్గరికి వచ్చిన వారం ఒక తమ్ముడు అడిగాడు: ఇది రాసేటప్పుడు మనవాళ్లు అక్కడ ఎవరైనా ఉన్నారా అని. గదిలో ఎవరూ వెంటనే చెప్పలేకపోయాం. పరీక్షకు వందల పేర్లు బట్టీ పట్టిన మాకు ఆ పేరు తెలియలేదు. ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ వ్యాసం.

పశువుల కాపరి నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా

జైపాల్ సింగ్ 1903 జనవరి 3న ఇప్పటి ఝార్ఖండ్ రాష్ట్రంలోని ఖూంటీ ప్రాంతంలో టక్రా అనే ముండా పల్లెలో పుట్టారు. బిర్సా ముండా ఉల్గులాన్ పోరాటం చేసి, 1900లో రాంచీ జైలులో ప్రాణం విడిచి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. అంటే ఆ పల్లెల్లో పెద్దవాళ్లందరికీ ఆ పోరాటం కళ్లముందు జరిగినదే. అలాంటి గాలిలో పశువులు కాస్తూ పెరిగిన పిల్లవాడు ఆయన.

రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ బడిలో చేరడంతో ఆయన దారి మారింది. చదువులోనూ ఆటలోనూ ఆ పిల్లవాడి చురుకు చూసి ప్రిన్సిపాల్ కాస్‌గ్రేవ్ దొర 1918లో తన వెంట ఇంగ్లండు తీసుకుపోయారు. ముండా పల్లె నుంచి పదిహేనేళ్ల పిల్లవాడు ఓడ ఎక్కి సముద్రం దాటడం ఎలా ఉంటుందో ఊహించండి. మనం ఏజెన్సీ బస్సు దిగి ఎంజీబీఎస్‌లో మొదటిసారి నిలబడినప్పుడే కాళ్లు వణికాయి కదా!

కాంటర్‌బరీలో కొంతకాలం ఉండి, 1922లో ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. 1926లో ఆర్థికశాస్త్రంలో ఆనర్స్ డిగ్రీ తీసుకున్నారు. అక్కడ రెండు పనుల్లో పేరు తెచ్చుకున్నారు. ఒకటి హాకీ. విశ్వవిద్యాలయ జట్టులో ఆడి, గొప్ప గౌరవంగా చెప్పుకునే ఆక్స్‌ఫర్డ్ బ్లూ అందుకున్నారు. రెండోది చర్చ. కాలేజీ చర్చా సంఘానికి అధ్యక్షుడిగా కూడా పనిచేశారు.

ఈ రెండో సంగతి దగ్గర మేము కాసేపు ఆగాం. ఇరవై ఏళ్ల తర్వాత రాజ్యాంగ సభలో దేశంలోని పేరుమోసిన బారిస్టర్ల ముందు బెదరకుండా మాట్లాడిన మనిషికి ఆ ధైర్యం ఒక్కరోజులో వచ్చింది కాదు. తోటి విద్యార్థులతో వాదించి, ఓడి, మళ్లీ వాదించి సంపాదించుకున్నది. గదిలో చాప మీద జరిగే మాటలను చిన్నచూపు చూడకూడదని మాకు అప్పుడే అర్థమైంది.

హాకీ కర్ర, కలెక్టరు కుర్చీ

ఆ రోజుల్లో ఐసీఎస్ అంటే ఇప్పటి ఐఏఎస్ కన్నా ఎన్నో రెట్లు పెద్ద మాట. జైపాల్ సింగ్ దానికి ఎంపికై ఇంగ్లండులోనే శిక్షణలో ఉన్నారు. అప్పుడే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ వచ్చాయి. భారత హాకీ జట్టు మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళుతోంది. ఆయన్ను కెప్టెన్‌గా ఉండమన్నారు. శిక్షణ నుంచి సెలవు అడిగితే ప్రభుత్వం ఇవ్వనంది. ఆయన వెళ్లిపోయారు.

ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు 29 గోల్స్ కొట్టింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మే 26న ఫైనల్‌లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించి, హాకీలో దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. ధ్యాన్‌చంద్ ఒక్కరే 14 గోల్స్ చేశారు. ఒక నిజం దాచకుండా చెప్పాలి. జట్టు నిర్వహణలో వచ్చిన విభేదాల వల్ల జైపాల్ సింగ్ ఆ ఫైనల్ ఆడలేదు. కొన్ని చోట్ల ఆయనే ఫైనల్ గెలిపించినట్టు రాస్తుంటారు. మన పెద్దలను గౌరవించడానికి లేనిది కల్పించనక్కర్లేదు. ఆ జట్టుకు కెప్టెన్ ఒక ముండా యువకుడు. ఆ నిజమే మనకు చాలు.

తిరిగి వెళ్లాక, సెలవు లేకుండా పోయినందుకు మరో ఏడాది శిక్షణలో ఉండాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు, ఐసీఎస్ వదిలేశారు. ఈ సంగతి చెప్పుకున్న రోజు మా గదిలో పెద్ద వాదన జరిగింది. ఒక ఉద్యోగం కోసం అయిదేళ్లుగా చదువుతున్న అన్న ఒకాయన, అది పొరపాటని గట్టిగా అన్నాడు. జిల్లాకు కలెక్టరుగా వచ్చి ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో అన్నాడు. ఇంకొందరు, ఆ కుర్చీలో కూర్చుని ఉంటే రాజ్యాంగ సభలో ఆ గొంతు వినపడేదే కాదన్నారు. వాదన తేలలేదు. ఒక్క మాట మాత్రం అందరం ఒప్పుకున్నాం: ఉద్యోగం ఒక దారి, దారి ఒక్కటే కాదు. ఫలితాల జాబితాలో పేరు లేదని కుంగిపోయే తమ్ముళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఊరు పిలిచింది

ఆ తర్వాత ఆయన జీవితం చాలా మలుపులు తిరిగింది. బర్మా షెల్ చమురు కంపెనీలో పనిచేశారు. కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు డబ్ల్యు.సి. బెనర్జీ మనవరాలు తారా మజుందార్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆఫ్రికాలో, అప్పటి గోల్డ్ కోస్ట్, ఇప్పటి ఘనాలో అచిమోటా కాలేజీలో పాఠాలు చెప్పారు. తిరిగివచ్చి రాయ్‌పూర్ రాజ్‌కుమార్ కాలేజీలో, తర్వాత బికనీర్ సంస్థానంలో ఉన్నత పదవుల్లో ఉన్నారు. సుఖంగా బతకడానికి ఏ లోటూ లేదు.

కానీ ఛోటానాగ్‌పూర్‌లో ఆదివాసీలు తమ భూమి కోసం, తమ ప్రాంతానికి ప్రత్యేక రాష్ట్రం కోసం కూడుతున్నారు. 1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభకు ఆయన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్ల క్రితం ఊరు వదిలి వెళ్లిన కాపరి కుర్రాడు ఆ ఊళ్లన్నిటికీ నాయకుడిగా తిరిగి వచ్చాడు. మరుసటి ఏడాదే, 1940లో, మన ఆసిఫాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీమ్ నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఒకరికి ఒకరు తెలియదు. కానీ ఇద్దరూ అడిగింది ఒక్కటే: మా నీళ్లు, మా అడవి, మా నేల మీద మాట మాదే కావాలని.

ఆయన చేసినవన్నీ అందరికీ నచ్చినవి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వానికి మద్దతిచ్చి, సైన్యంలో చేరమని ఆదివాసీ యువకులను ప్రోత్సహించారు. దీన్ని అప్పుడూ విమర్శించారు, ఇప్పుడూ విమర్శిస్తారు. ఇది కూడా తెలిసి ఉండాలి.

1946 డిసెంబరు 19

రాజ్యాంగ సభకు ఆయన బీహారు నుంచి ఎన్నికయ్యారు. 1946 డిసెంబరు 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టారు. దాని మీద చర్చలో డిసెంబరు 19న జైపాల్ సింగ్ లేచారు.

ఆ ప్రసంగం సారాంశం మా మాటల్లో చెబుతాం. తాను జంగ్లీనని పిలిపించుకోవడానికి సిగ్గుపడనని, ఆ పేరుతోనే మాట్లాడతానని మొదలుపెట్టారు. మూడు కోట్లకు పైగా ఆదివాసీల తరఫున నిలబడ్డానన్నారు. ఈ నేల మీద తమవారు వేల ఏళ్లుగా ఉన్నారని, తర్వాత వచ్చినవాళ్లే తమను అడవుల్లోకి తోశారని, తమ చరిత్రంతా దోపిడీ, భూమి పోగొట్టుకోవడం, మధ్యమధ్య తిరుగుబాట్లు అని గుర్తు చేశారు. ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పాలనుకోవద్దని, అది ఆదివాసీల దగ్గరే నేర్చుకోవాలని అన్నారు. సభలో మగవాళ్లే ఎక్కువగా ఉన్నారని, మహిళలు ఇంకా రావాలని కూడా అడిగారు. ఆ సభలో ఒక్క ఆదివాసీ మహిళ కూడా లేదు. ఇంత చెప్పి, పాత గాయాలున్నా, కొత్త దేశంలో అందరికీ సమాన అవకాశం ఉంటుందన్న నెహ్రూ మాటను నమ్ముతున్నానని ముగించారు.

ఆ నమ్మకం ఆ సభకు ఆయన ఇచ్చిన అప్పు లాంటిది. దాని వసూలు ఇంకా పూర్తి కాలేదు.

మన ప్రాంతం వాళ్లకు ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబరు దాకా భారతదేశంలో కలవలేదు. రాజ్యాంగ సభలో హైదరాబాద్ తరఫున సభ్యులే లేరు. అంటే ఆదిలాబాద్ గోండులు, కొలాములు, వరంగల్, ఖమ్మం వైపు కోయలు పంపిన మనిషి ఆ హాలులో ఎవరూ లేరు. మన తాతలకు ఓటూ లేదు, చోటూ లేదు. ఎక్కడో ముండా పల్లెలో పుట్టిన ఈ మనిషి మాట్లాడిన మాటలే మన వాటా. అందుకే ఆయన ఝార్ఖండ్ వాళ్ల నాయకుడే అనుకుని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఒక్కో పదం కోసం

రాజ్యాంగం రాసే పని మూడేళ్లు సాగింది. ఆ మూడేళ్లూ ఆయన పదాల కోసం పోరాడారు. మొదటిది మన పేరు. షెడ్యూల్డ్ తెగలు అనే మాట కాక ఆదివాసి అనే మాట ఉండాలని ఆయన పట్టుబట్టారు. ఆదివాసి అనేది సాధారణంగా వాడే మాటే కానీ చట్టంలో కచ్చితమైన అర్థం లేదని, షెడ్యూలులో పేర్లు రాస్తే ఎవరెవరన్నది తేలుతుందని అంబేడ్కర్ వివరించారు. మా చర్చలో ఇద్దరి వాదనలోనూ బలం ఉందనిపించింది. జాబితా ఉండటం వల్లనే మన సర్టిఫికెట్లు, రిజర్వేషన్లు నిలబడ్డాయి. కానీ జాబితా మనమెవరో చెప్పదు. ప్రభుత్వం మనల్ని ఎక్కడ రాసుకుందో చెబుతుంది. మొదటి నుంచి ఇక్కడున్న వాళ్లమన్న అర్థం ఆదివాసి అనే మాటలోనే ఉంది.

రెండోది మద్యనిషేధం. 1948 నవంబరు 24న నిషేధాన్ని ఆదేశిక సూత్రాల్లో చేర్చే చర్చలో, బియ్యపు సారాయి తమ పూజల్లో, పండగల్లో, వానలో వరినాట్లు వేసే కష్టంలో భాగమని, తమ మత ఆచారంలో జోక్యం చేసుకోవద్దని ఆయన అన్నారు. మన ఊళ్లలో ఇప్పసారా లేకుండా దేవుడి పని జరగదన్న సంగతి తెలిసిన వాళ్లకు ఇది కొత్త కాదు. తాగుడు వల్ల మన ఇళ్లు ఎలా కూలుతున్నాయో కూడా మనకు తెలుసు. కానీ ఆచారం వేరు, దుకాణం సారా వేరు అని ఆ సభలో చెప్పడానికి గుండె కావాలి.

మూడోది అన్నిటికన్నా పెద్దది, గిరిజన సలహా మండలి. ఠక్కర్ బాపా అధ్యక్షతన పనిచేసిన ఉపసంఘంలో జైపాల్ సింగ్ సభ్యులు. తర్వాత 1948లో వచ్చిన ముసాయిదాలో, మన ప్రాంతాలకు ఏదైనా చట్టం వర్తించకుండా ఆపడాన్ని ఆ మండలి ఇచ్చే సలహాతో ముడిపెట్టారు. 1949 సెప్టెంబరు 5న ఐదో షెడ్యూలు కొత్త రూపంలో సభ ముందుకు వచ్చింది. ఆ ముడి విడిపోయింది. చట్టాన్ని ఆపే అధికారం గవర్నర్ చేతిలో ఉంచారు. కొత్త నిబంధనలు చేసేటప్పుడు మండలిని సంప్రదిస్తే సరిపోతుంది. మండలి బలం తీసేశారన్న అసంతృప్తిని జైపాల్ సింగ్ సభలోనే చెప్పారు. కానీ అదే ఖాయమైంది.

మండలి సలహా లేనిదే పని జరగకపోవడం వేరు, మండలిని ఒక మాట అడిగితే చాలనడం వేరు. ఈ రెంటి మధ్య తేడా ఎంతో ఆ రోజు మా గదిలో ఒక చెల్లి తేలిగ్గా చెప్పింది. పెళ్లి కుదిర్చేటప్పుడు పిల్ల ఒప్పుకుంటేనే అనడం ఒకటి, పిల్లకు కూడా చెప్పాం అనడం ఇంకొకటి అంది. ఇంతకన్నా బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడు.

పక్క దేశాల కప్పులు

మన రాజ్యాంగం రాసినవాళ్లు కూడా పక్క దేశాలను చూశారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947 చివర్లో అమెరికా, కెనడా, ఐర్లండ్, బ్రిటన్ తిరిగి అక్కడి న్యాయమూర్తులతో, పండితులతో కూర్చుని మాట్లాడారు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌తో జరిగిన మాటల ప్రభావం 21వ అధికరణం పదాల మీద పడిందని చదువుకున్నాం కదా! అంటే నాలుగు గోడల మధ్య తీరికగా జరిగిన సంభాషణ కోట్ల మంది జీవితాలను తాకగలదు. అలాంటప్పుడు మన కోసం మనమే ఎందుకు మాట్లాడుకోకూడదు?

అలా మాట్లాడుకుని మేము తెలుసుకున్నవి కొన్ని ఇవి.

అమెరికా సుప్రీంకోర్టు 1831లో చెరోకీ తెగను దేశం లోపల ఉన్న ఆశ్రిత జాతిగా చెప్పింది. మరుసటి ఏడాది, వాళ్ల నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవంది. తీర్పు గెలిచినా, కొన్నేళ్లకే వాళ్లను నేల నుంచి తరిమేశారు. కాగితం మీద గెలుపు కాపలా లేకపోతే నిలవదని ఇది చెబుతుంది.

ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లు రాకముందు ఆ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని 1992లో మాబో తీర్పు కొట్టేసింది. కానీ 2023 అక్టోబరులో, మూలవాసులకు పార్లమెంటు ముందు సలహా చెప్పే ఒక సంస్థను రాజ్యాంగంలో పెట్టాలా అని ప్రజల్ని అడిగితే, అక్కడి ఓటర్లు వద్దన్నారు. ఇది చదివిన రోజు మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అక్కడ వాళ్లకు దక్కని సలహా మండలి మన రాజ్యాంగంలో 1950 నుంచీ ఉంది. ఇరవై మంది దాకా సభ్యులు, వారిలో దాదాపు నాలుగింట మూడు వంతులు గిరిజన ఎమ్మెల్యేలు. మరి మన జిల్లా ఎమ్మెల్యే ఆ మండలిలో ఉన్నారా, అది చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఏం మాట్లాడింది అని మనలో ఎంతమంది అడిగాం? జైపాల్ సింగ్ బలహీనపడిందని బాధపడ్డ ఆ సంస్థను మనం పూర్తిగా మర్చిపోయాం.

1997 సంవత్సరం అయితే మాకు ప్రత్యేకం. ఆ జూలైలో మన సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు ఇచ్చింది. విశాఖ మన్యం, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని, భూ బదలాయింపు నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని కోర్టు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు డెల్గముక్ కేసులో, మూలవాసుల భూమి హక్కు తేల్చడానికి వాళ్లు తరతరాలుగా చెప్పుకునే మౌఖిక చరిత్రను కూడా సాక్ష్యంగా తీసుకోవాలంది. మన ప్రధాన్లు కింగ్రి వాయిస్తూ చెప్పే గోండు వంశాల కథలు, మన కోయ పెద్దలు చెప్పే ఊరి పుట్టుకలు గుర్తొచ్చాయి. అవి పండగ రోజు వినే పాటలే కాదు. ఏదో ఒక రోజు అవే మన దస్తావేజులు కావచ్చు. తాతలు ఉండగానే వాటిని రాసిపెట్టుకోండి, రికార్డు చేసుకోండి.

గెలుపు, ఓటమి

మళ్లీ ఆయన జీవితానికి వద్దాం. 1948 జనవరి 1న, సరాయికేలా, ఖర్సావాన్ సంస్థానాలను ఒరిస్సాలో కలపడాన్ని వ్యతిరేకిస్తూ ఖర్సావాన్ సంతలో వేలాది ఆదివాసీలు చేరారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఎంతమంది చనిపోయారన్నది నేటికీ వివాదమే. జైపాల్ సింగ్ వస్తారని జనం ఎదురుచూశారు, ఆయన అక్కడికి చేరలేకపోయారు. ఆ ప్రాంతపు ఆదివాసీలు ఈనాటికీ కొత్త సంవత్సరం రోజున పండగ చేసుకోరు, అమరులకు నివాళి అర్పిస్తారు. మనకు ఇంద్రవెల్లి ఎలాగో వాళ్లకు ఖర్సావాన్ అలాగ.

1950లో ఆదివాసీ మహాసభ ఝార్ఖండ్ పార్టీగా మారింది. 1952 ఎన్నికల్లో బీహారు శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. అయినా 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఝార్ఖండ్ రాష్ట్రం ఇవ్వనంది. తర్వాతి ఎన్నికల్లో పార్టీ బలం తగ్గుతూ వచ్చింది. 1963లో ఆయన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. కొద్దికాలం బీహారులో మంత్రిగా ఉన్నారు. ఆయన వెంట నడిచిన చాలామందికి గుండె పగిలింది. ఉద్యమం ముక్కలైంది.

మా గదిలో ఎక్కువ వేడిగా జరిగిన చర్చ ఇదే. ద్రోహం అన్నారు కొందరు. అలసట అన్నారు కొందరు. ఢిల్లీలో తలుపు లోపల ఉంటేనే రాష్ట్రం వస్తుందని లెక్క వేసుకుని ఉంటారని ఇంకొందరు. మేము తీర్పు చెప్పలేం. ఆయన రాజ్యాంగ సభలో చేసిన మేలు 1963లో చెరిగిపోదు; 1963లో జరిగినది 1946 ప్రసంగం కింద దాగిపోదు. రెండూ కలిపి చూసినప్పుడే మనిషి కనిపిస్తాడు.

ఆయన 1952 నుంచి చనిపోయేదాకా లోక్‌సభ సభ్యుడిగా ఉన్నారు. 1970 మార్చి 20న ఢిల్లీలో కన్నుమూశారు. మనకు తెలిసిన ఒక తేదీ దాని పక్కనే ఉంది. అదే ఏడాది ఫిబ్రవరి 3న మన దగ్గర 1/70 చట్టం అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడిదేనని మొదట భావించాలి, కాదన్నవాడే రుజువు చూపాలి అనే చట్టం. అది చేసే అధికారం ఎక్కడిది? ఐదో షెడ్యూలు కింద గవర్నర్‌కు ఉన్నది. జైపాల్ సింగ్ అసంతృప్తితో ఒప్పుకున్న ఆ షెడ్యూలు నుంచే, ఆయన ఆఖరి రోజుల్లో, ఆయన చూడని మన ఊళ్లకు ఒక కంచె వచ్చింది. ఝార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా జయంతి రోజున ఏర్పడింది. దాన్ని చూడటానికి ఆయన లేరు.

మన చేతిలో ఉన్న పని

ఆ కంచెకు ఎన్ని కంతలు పడ్డాయో మీకు తెలుసు. మాలో ఒక తమ్ముడి ఇంట్లో కాగితం తాత పేరు మీద ఉంది, దున్నేది వేరేవాళ్లు. కాగితం ఉందని ఇన్నేళ్లూ ధైర్యంగా ఉన్నారు. 1/70 ప్రకారం ఎవరికి దరఖాస్తు ఇవ్వాలో వాళ్ల ఇంట్లో ఎవరికీ తెలియదు. మా చర్చ తర్వాత ఆ తమ్ముడు సెలవుల్లో ఊరికి వెళ్లి, భూ బదలాయింపు కేసులు చూసే అధికారి కార్యాలయంలో అర్జీ ఇచ్చి, రశీదు తెచ్చుకున్నాడు. కేసు ఏమవుతుందో తెలియదు. కానీ ఆ రశీదును మా అందరికీ చూపించిన సాయంత్రం, మా ఆదివారాలు వృథా కాలేదనిపించింది.

2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసినప్పుడు మనవాళ్లు చాలామంది రోడ్డెక్కారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన ఉత్తర్వు అది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదని, గవర్నర్ అధికారం కూడా ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలని కోర్టు అంది. కోపం రావడం న్యాయమే. కానీ ఆ తీర్పును పూర్తిగా చదివి, ఏ తర్కం మీద నిలబడిందో తెలుసుకుని, దానికి జవాబు తయారుచేసే మనవాళ్లు ఎంతమంది ఉన్నారు? రేపటి కోర్టులో, రేపటి శాసనసభలో ఆ జవాబు చెప్పాల్సింది మనమే.

అందుకే మా మనవి ఇది. మీరు హైదరాబాద్‌లో ఉన్నా, ఐటీడీఏ హాస్టల్లో ఉన్నా, ఊళ్లోనే ఉన్నా, వారానికి ఒక సాయంత్రం నలుగురు కూర్చోండి. ఐదో షెడ్యూలు మొత్తం నాలుగైదు పేజీలే. గట్టిగా చదవండి. పీసా చట్టం చదవండి. మీ గ్రామసభకు ఏ అధికారం ఉందో చూడండి. అర్థం కాని మాట దగ్గర ఆగండి, మన భాషలోకి మార్చి చెప్పుకోండి. గోండీలో, కోయలో, కొలామీలో చెప్పగలిగిన రోజు అది నిజంగా మనదవుతుంది. అమ్మాయిలు లేకుండా మాత్రం కూర్చోకండి. 1946లోనే మరంగ్ గోమ్కే అడిగిన మాట అది.

ఇప్పుడు మెట్రో రైలు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా పోతుంది. కింద గ్రంథాలయం మెట్ల మీద మన పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు. ఎప్పుడైనా ఇటు వస్తే కలవండి. చాప ఉంది, టీ ఉంది, వాదించడానికి బోలెడు సంగతులున్నాయి. ఈసారి ఆ పేరు ఎవరిదని ఎవరైనా అడిగితే, గదిలో అందరం ఒక్కసారే చెబుతాం.

మరంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండాకు జోహార్!